జ్ఞాపకశక్తి తక్కువగా ఉంది

మా రేవులపాడు పురపాలక సంఘంలో సర్వజ్ఞకు జ్ఞాపకశక్తి తగ్గిన సంగతి మొట్టమొదట కనిపెట్టింది నేనే. ఈ విషయంలో ఇంకెవరైనా ఘనత చెప్పుకుంటే నమ్మవద్దని మనవి. అప్పట్లో నేను జనరల్ సెక్షన్ సూపరింటెండెంటుని. ఒక సోమవారం ఉదయం ఎవరిదో జనన ధ్రువపత్రం తీద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే తెర మధ్యలో పసుపుపచ్చ పెట్టె ఒకటి లేచింది. అందులో ఇలా ఉంది: "జ్ఞాపకశక్తి తక్కువగా ఉంది. దయచేసి కొన్నింటిని మూసివేయండి."

సర్వజ్ఞ అంటే మా మునిసిపాలిటీ పనులన్నీ చూసే ప్రోగ్రాం. పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, ఇంటి నంబర్లు, వీధి దీపాలు, కుక్కల లైసెన్సులు, మంచినీళ్ళ వాల్వులు, అన్నీ దాని చేతిలోనే. మొత్తం పదకొండు భాగాలు. పాత భోజనాల గదిలో ఏసీ పెట్టి, దాని యంత్రాన్ని అక్కడ కూర్చోబెట్టాం. రాజధాని నుంచి వచ్చిన ముఖ్య అతిథి దీపం వెలిగించి ప్రారంభించారు. ఉపన్యాసం చివర ఉత్సాహం పట్టలేక, "ఇది ఇక ఎన్నటికీ ఆగదు!" అన్నారు. చప్పట్లు కొట్టాం. కొట్టి ఊరుకోకుండా ఆ మాటను నల్ల గ్రానైటు మీద చెక్కించి మెట్ల పక్కన బిగించాం. 'సర్వజ్ఞ: నిరంతరం, అవిశ్రాంతం.' రాతి మీదికి ఎక్కాక అది మాట కాదు, ఉత్తర్వు.

పసుపు పెట్టె సంగతి కాగితం మీద పెట్టి కమిషనరు చక్రధరరావు గారికి నివేదించాను. ఆయన రెండుసార్లు చదివారు.

"మూసివేయండి అని యంత్రమే స్పష్టంగా కోరుచున్నది కదా," అన్నారు. కమిషనరు గారు నోట్ ఫైలులో ఎలా రాస్తారో అలాగే మాట్లాడతారు. "మూయుటకు అనువైన వాటి జాబితా సాయంత్రంలోగా సమర్పించండి."

మేనేజరు కామేశ్వరప్రసాద్ గారు స్వయంగా ఆఫీసంతా తిరిగి జాబితా తయారు చేశారు. మధ్యాహ్నానికల్లా విచారణ కౌంటరు మూశాం. పఠన మందిరం మూశాం. వెనక గేటు, ఆడవాళ్ళ మరుగుదొడ్డి, మేడ మీద కిటికీలు మొత్తం మూశాం. సాయంత్రం నాలుగింటికి చెమటలు కక్కుతూ వచ్చి చూస్తే తెర మీద పెట్టె నారింజ రంగుకి తిరిగింది.

"ఇంకా ఏదో తెరిచి ఉన్నట్టుంది," అన్నారు మేనేజరు గారు అనుమానంగా, నా టిఫిన్ క్యారియర్ వైపు చూస్తూ.

మర్నాడు గానీ ప్రోగ్రామరుని అడగాలన్న ఆలోచన మాకు రాలేదు. మా ప్రోగ్రామరు పేరు గుబ్బల నీలవేణి. ఇరవై ఏడేళ్ళ పిల్ల. పదకొండు నెలల కాంట్రాక్టు మీద పనిచేస్తోంది, ఇంకో పన్నెండు రోజుల్లో అది ముగుస్తుంది. కుర్చీ లేదు గనక యంత్రం గదిలోనే, పాత భోజనాల బెంచీ మీద కూర్చునేది. కమిషనరు గారి ముందుకి వచ్చి, చేతులు కట్టుకోకుండానే చెప్పింది.

"సార్, ఇది మనిషి జ్ఞాపకశక్తి కాదండి. మెమరీ. పని చేసుకునే బల్ల అనుకోండి. ఊళ్ళో అందరి కాయితాలూ బీరువాలో భద్రంగానే ఉన్నాయి. ఎవరైనా వస్తే వాళ్ళ కాయితం తీసి బల్ల మీద పెట్టుకుంటది. పనయ్యాక తీసేసి బల్ల ఖాళీ చెయ్యాలి. ఇది చెయ్యట్లేదు."

"కారణము?"

"ఏ దరఖాస్తు తెరిచినా మూలన ముఖ్య అతిథి గారు దీపం ఎలిగిస్తున్న ఫోటో వస్తది కదండీ. అది శానా పెద్ద ఫోటో. దరఖాస్తు మూసేసినా ఫోటోని మాత్రం వదలట్లేదు సార్. నాలుగొందల మంది వస్తే నాలుగొందల ఫోటోలూ బల్ల మీదే ఉంటాయి."

"అనగా ఈ క్షణమున ముఖ్య అతిథి గారు లోపల నాలుగు వందల మంది ఉన్నారు," అంటూ కమిషనరు గారు సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు.

"రెండు లైన్లు మారిస్తే సరిపోద్దండి. మార్చి, ఒక్కసారి ఆపి మళ్ళీ మొదలెట్టాలి. అయిదు నిమిషాలు కూడా పట్టదు."

మేనేజరు గారు మెట్లున్న దిక్కుకి చూశారు. నేనూ చూశాను.

"ఆపి?" అన్నారు కమిషనరు గారు.

"ఆయ్. ఆపి."

"అమ్మా నీలవేణీ, అది ఆగదని రాయించాం కదమ్మా," అన్నారు మేనేజరు గారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అనుమతి కోసం పైకి ఉత్తరం రాశాం. రెండు రోజుల్లోనే జవాబు రావడం మా ఆఫీసు చరిత్రలో అదే మొదలు. 'ఎన్నటికీ ఆగనిదానిని ఆపుటకు నిబంధనలలో నిర్ణీత నమూనా లేదు. నమూనా లేని దరఖాస్తు పరిశీలనకు అర్హము కాదు. స్థానికముగా యథోచిత చర్య గైకొనుడు.'

స్థానికంగా యథోచిత చర్య అంటే కమిటీ. జ్ఞాపక పొదుపు కమిటీ అని పేరు పెట్టుకున్నాం. కమిషనరు గారు అధ్యక్షులు, మేనేజరు గారు ఉపాధ్యక్షులు, నేను కార్యదర్శిని. నీలవేణి ప్రత్యేక ఆహ్వానితురాలు, అంటే నిలబడి ఉండవచ్చు.

"ఆపకుండా చేయదగినది ఏమైనా కలదా?" అని అడిగారు కమిషనరు గారు.

నీలవేణి నిట్టూర్చింది. "తాత్కాలికంగా ఒకటుందండి. ఈ మధ్య ఎవరూ ముట్టుకోని కాయితాల్ని బల్ల మీంచి తీసి బీరువాలో పెట్టెయ్యమని చెప్పొచ్చు. ఎక్కువ కలిసిరాదు గానీ రెండు మూడు రోజులు లాగుద్ది. కాయితాలు ఎక్కడికీ పోవండి, మళ్ళీ కావాలంటే తీసుకుంటది."

ఆమె చెప్పింది ఇది. కమిటీకి వినపడింది వేరు. కార్యదర్శిగా నేను తీర్మానం ఇలా నమోదు చేశాను: 'ఇటీవల కార్యాలయమునకు రాని పౌరులను సర్వజ్ఞ మరచిపోవును.'

"మరిచిపోతే ఎలాగండీ? రేపు వాళ్ళొచ్చి మేమున్నాం అంటే?" అన్నారు మేనేజరు గారు.

"మరువబడకుండుటకు వారికి సముచిత అవకాశము ఇవ్వవలెను," అన్నారు కమిషనరు గారు. సహజ న్యాయసూత్రాల విషయంలో ఆయన చాలా పట్టుదల గల మనిషి.

మర్నాడు ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించాం. 'ఇందుమూలముగా రేవులపాడు పౌరులకు తెలియజేయునదేమనగా, జ్ఞాపకశక్తి కొరత దృష్ట్యా, పదిహేను రోజులకొకసారి కార్యాలయమునకు స్వయముగా వచ్చి తమను గుర్తుచేసుకొనని వారు మరువబడుదురు. అట్టి మరపునకు పురపాలక సంఘము బాధ్యత వహించదు.'

జనం విరగబడ్డారు. శుక్రవారం వరస మెట్ల మీంచి బస్టాండు దాకా పోయింది. నడవలేని ముసలాయన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. కొత్తగా పెళ్ళయిన జంట, అంతకు ముందు రోజే రిజిస్టరు చేసుకున్నవాళ్ళు, ఎందుకైనా మంచిదని మళ్ళీ వచ్చారు. ఒకాయన చనిపోయిన తండ్రి ఫోటో పట్టుకొచ్చి, "మా నాన్న రాలేరండీ, ఆయన్ని మరిచిపోతారా?" అని అడిగాడు. పోయినవారికి మినహాయింపు ఉన్నదీ లేనిదీ తెలియక కమిటీకి పంపాను. ఒక్కొక్కరు కౌంటరు దగ్గరికి వచ్చి, "నేనండీ" అనేవారు. గుమాస్తా వాళ్ళ కాయితం తెరిచి, "ఉన్నారండీ" అనేవాడు. ఆ మాట విని జనం కళ్ళు తుడుచుకుని వెళ్ళడం నేను చూశాను. మా కార్యాలయం మీద ప్రజలకి అంత గౌరవం అంతకు ముందెన్నడూ లేదు.

వచ్చిన ప్రతి మనిషికీ కాయితం తెరుచుకునేది. కాయితం తెరిచిన ప్రతిసారీ లోపల ఇంకో ముఖ్య అతిథి ఇంకో దీపం వెలిగించేవారు.

నీలవేణి శనివారం సాయంత్రం నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "సార్, లోపల పదకొండు వేల ఫోటోలున్నాయి. రోజుకి నాలుగొందలుండే జనాన్ని ఆరువేలకి తెచ్చారు మీరు. దయచేసి జనాన్ని రావద్దని చెప్పండి."

"చెప్పాలంటే మళ్ళీ మైకు కావాలి. మైకు ఆటో వాడు సోమవారం దాకా పెళ్ళిలో ఉన్నాడు," అన్నాను. అది నిజమే. అయినా ఆ పిల్ల ముఖం చూశాక, ఆ ముక్క చెప్పినందుకు నాకు కొంచెం సిగ్గేసింది.

సోమవారం పెట్టె ఎర్రబడింది. అందులో వాక్యం మారింది: "జ్ఞాపకశక్తి పూర్తిగా అయిపోనున్నది. అయిపోయిన యెడల ఒక భాగము చంపబడును."

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. కమిషనరు గారి ముఖం పాలిపోయింది. "చంపుట అనగా?"

"చోటు బొత్తిగా లేకపోతే యంత్రం తనంతట తనే పదకొండు భాగాల్లో ఒకదాన్ని తీసి పారేస్తుందండి, మిగతావి బతకడానికి," అంది నీలవేణి. "దేన్ని తియ్యాలో మనం ముందే చెప్పొచ్చు. నా మాటినండి. ఫోటోలు చూపించే భాగం ఒకటుంది. దాన్ని తియ్యమని రాద్దాం. చోటంతా అదే తింటోంది. అది పోతే ఎవరికీ నష్టం లేదు."

మేనేజరు గారు చెవులు మూసుకున్నారు. కమిషనరు గారు తలుపు వేసి రమ్మని నాకు సైగ చేశారు.

"ముఖ్య అతిథి గారిని చంపుట," అన్నారు గొంతు తగ్గించి, "అను ప్రతిపాదన ఈ గదిలో చేయబడినట్లు ఎచ్చటను నమోదు కారాదు."

నమోదు చేయలేదు. తర్వాత ఒక్కొక్క సెక్షను అధికారినీ పిలిచి, మీ భాగాన్ని చంపవచ్చునా అని రాతపూర్వకంగా అడిగాం. జననాల వాళ్ళు తమది జీవనాధార విభాగమన్నారు. మరణాల వాళ్ళు, చంపబడితే ఆ మరణాన్ని నమోదు చేయాల్సింది కూడా తామే గనక తమను చంపడం సాంకేతికంగా అసాధ్యమన్నారు. కుక్కల లైసెన్సుల గుమాస్తా మూడు పేజీలు రాశాడు, చదువుతుంటే గుండె కరిగిపోయింది. కమిషనరు గారి తెర మీద రంగురంగుల గీతలు చూపించే భాగం ఉండనే ఉంది, అది లేకపోతే అన్నీ బాగున్నాయని ఆయనకెలా తెలుస్తుంది? ఇలా పది భాగాలకి మినహాయింపు దొరికింది.

మినహాయింపు అడగని భాగం ఒకటే మిగిలింది: మంచినీళ్ళ వాల్వులు. దాని తరఫున అడగాల్సింది నీటి సరఫరా ఇంజనీరు. ఆ పోస్టు మూడేళ్ళుగా ఖాళీ.

"సార్, అది వద్దండి," అంది నీలవేణి. "అదే అన్నిటికన్నా చిన్నది. దాన్ని తీస్తే చారెడు చోటు కూడా రాదు. పైగా అది నీళ్ళండి!"

"నోటీసు జారీ అయినది. గడువులోగా అభ్యంతరము రాలేదు," అన్నారు కమిషనరు గారు. "నీరు మౌనము వహించినది."

బుధవారం ఉదయం అయిదున్నరకి నీళ్ళు వదిలే వేళకి సర్వజ్ఞ తూర్పు వీధుల వాల్వులు తెరిచింది. ఆరింటికి వాటిని మూసి పడమర వాల్వులు తెరవాలి. జనం తాకిడికి ఆ రోజుల్లో కౌంటరు తెల్లవారుజామునే తెరిచేవాళ్ళం గనక, అయిదూ యాభైకే చోటు పూర్తిగా అయిపోయింది. యంత్రం మా ఉత్తర్వు చూసుకుని, నీళ్ళ భాగాన్ని తీసిపారేసింది. వాల్వులు ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. తూర్పున వీధులు కాలవలయ్యాయి, పిల్లలు చెప్పులు వదులుకుని ఆడుకున్నారు. పడమర వైపు బిందె గొంతు కూడా తడవలేదు. ఊరి మొత్తానికి ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు గంటగంటకీ దిగిపోతోంది. వాల్వుల్ని చేత్తో తిప్పే పిడులు ప్రారంభోత్సవం నాడే పీకించి స్టోరులో పెట్టి సీలు వేశాం, సర్వజ్ఞకి అవమానంగా ఉంటుందని. సీలు తీయాలంటే నీటి సరఫరా ఇంజనీరు సంతకం కావాలి.

పదకొండింటికి ఆఫీసు హాల్లోకి ఒక నర్సు వచ్చింది. పడమర వైపున్న మునిసిపల్ ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సు, ఎస్తేరు రాణి. చేతిలో ఖాళీ బకెట్టు. వరసలో ఉన్న జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ బకెట్టుని నా ఫైళ్ళ మీద పెట్టింది.

"నాలుగు కాన్పులున్నాయి సార్ ఇప్పుడు. డాక్టరమ్మ చేతులు కడుక్కోడానికి నీళ్ళు లేవు. బాలింతల తాలూకు ఆడాళ్ళు తూర్పు ఈదులకెళ్ళి బిందెల్తో మోసుకొస్తన్నారు. ఎంతసేపు మొయ్యమంటారు? ట్యాంకు ఖాళీ అయిపోతే ఏం మొయ్యమంటారు?"

మేనేజరు గారు, "అర్జీ రాసి ఇవ్వమ్మా, కమిటీలో పెడతాం," అన్నారు.

ఆమె ఆయన్ని చూడలేదు. యంత్రం గది గుమ్మంలో నిలబడి ఉన్న నీలవేణిని చూసింది. నీలవేణి బకెట్టుని చూసింది. చటుక్కున లోపలికి తిరిగింది.

నేను వెనకే వెళ్ళాను. ఆమె బెంచీ మీద కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"ఆ రెండు లైన్లూ వారం కిందటే మార్చి పెట్టుకున్నాను సార్," అంది. "ఆపడమే మిగిలింది. మీరు బయటికెళ్ళండి. మీరు చూస్తే మీరు కూడా చెప్పాల్సొస్తది."

"నీ కాంట్రాక్టు..."

"తెలుసండి."

ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో నేను అనుమతి లేకుండా చేసిన పని ఒకటే. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. మేనేజరు గారు ఇటే వస్తున్నారు.

"లోపల ఏం జరుగుతోందండీ?"

"ఏమండీ, సగం రోజు సెలవు పెట్టిన మనిషికి ఆ పూటే ఐచ్ఛిక సెలవు కూడా వస్తే, దేన్ని ముందు లెక్కలోకి తీసుకోవాలి?" అని అడిగాను.

ఆయన ఆగిపోయారు. సెలవు నిబంధనలంటే ఆయనకి ప్రాణం. కళ్ళు అరమూతలు పడ్డాయి. "చాలా సున్నితమైన విషయం అడిగారు," అని మొదలుపెట్టారు. 'అయితే', 'తప్ప', 'మినహా' అంటూ వేళ్ళు మడుస్తూ చెబుతున్నారు. హాల్లో కంప్యూటరు తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఆయన వాటికి వీపు పెట్టి ఉన్నారు. వరసలో జనం గొల్లుమన్నారు. "జనం ఎప్పుడూ ఉండేదేగా," అని ఆయన నాలుగో మినహాయింపు దగ్గరికి వచ్చారు. ఏడో మినహాయింపు దగ్గర తెరలు వెలిగాయి. పెట్టె లేదు. ఎరుపూ లేదు, పసుపూ లేదు. ఎక్కడో దూరంగా పడమర వాల్వు తెరుచుకున్న గరగర చప్పుడు పైపుల్లోంచి వినిపించింది. అది నా ఊహే కావచ్చు.

ఎస్తేరు రాణి బకెట్టు తీసుకుని పరిగెత్తింది.

సాయంత్రానికి సంగతి కమిషనరు గారికి తెలిసిపోయింది. నీలవేణి దాచలేదు, అడగ్గానే "నేనే ఆపానండి" అంది. ఆయన నన్ను విచారణాధికారిగా నియమించారు. అభియోగం ఒకటే: ఎన్నటికీ ఆగనిదానిని ఆపుట.

ఆ నివేదిక ఎలా రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. సర్వజ్ఞ నిమిషానికొకసారి 'నేను నడుస్తున్నాను' అని తన చిట్టాలో ఒక వాక్యం రాసుకుంటుంది. ఆ చిట్టా తెప్పించి చూశాను. పదకొండూ పన్నెండుకి 'నేను నడుస్తున్నాను'. దాని కింద వాక్యం పదకొండూ పదహారుకి, 'నేను నడుస్తున్నాను'. మధ్యలో 'ఆగాను' అన్న మాట ఎక్కడా లేదు. ఆగిన మనిషి ఆగానని ఎలా రాస్తాడు?

నివేదిక ఇలా ముగించాను: 'రికార్డు ప్రకారము సర్వజ్ఞ ఏ నిమిషమునను ఆగియుండలేదు. రికార్డులో లేనివి నాలుగు నిమిషములు మాత్రమే. కావున ఆగినది సర్వజ్ఞ కాదు. ఆ దినమున రేవులపాడు పురపాలక సంఘ పరిధిలో పదకొండు గంటల పన్నెండు నిమిషముల పిమ్మట పదకొండు గంటల పదహారు నిమిషములు అయినది. లేని సమయమున నేరము జరుగుటకు వీలు లేదు.'

కమిషనరు గారు చాలాసేపు చదివారు. ఆయన చూపు ఒకసారి కిటికీలోంచి మెట్ల పక్కనున్న రాయి మీదికి వెళ్ళింది. నివేదికని కాదంటే, రాయి అబద్ధమని తానే పైకి రాయాలి.

"నాలుగు నిమిషములు స్వల్పమే," అన్నారు చివరికి. "ఆమోదించడమైనది." సంతకం చేసి ముద్ర వేశారు. నీలవేణి కాంట్రాక్టు పొడిగింపు కాగితం కూడా అదే అదనున కింద పెట్టాను. 'కొరత తీరినది కదా, ఇక ఈమె ఎందులకు?' అని రాశారు. 'మరల రాకుండ చూచుటకు' అని రాశాను. దాని మీదా సంతకం పడింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పది రోజుల తర్వాత జననాల కౌంటరు దగ్గర కేకలు వినిపించాయి. వెళ్ళి చూస్తే మంగాయమ్మ అనే పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. చేపల రేవులో పనిచేసే మనిషి, గొంతు ఆ రేవు అవతలి ఒడ్డుకి వినపడేలా ఉంది. నీళ్ళు లేని రోజున తూర్పు వీధుల నుంచి ప్రసూతి ఆసుపత్రికి పద్నాలుగు బిందెలు మోసిందట. ఆ రోజే ఆమె కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి చీటీ మీద ఎస్తేరు రాణి రాసిన టైము: పదకొండూ పద్నాలుగు.

"ఆ టైము లేదమ్మా," అంటున్నాడు గుమాస్తా, నా నివేదిక నకలు చూపిస్తూ. "పన్నెండు వేసుకో, లేదా పదహారు వేసుకో. మధ్యలో ఏమీ లేదు."

"ఏంటి బాబూ లేదంటావు? గోడ గడియారం కాడ నిలబడి నేను చూశానా లేదా? పిల్ల ఏడుపు నేనిన్నానా లేదా?"

నేను కల్పించుకుని మర్యాదగా వివరించాను. యంత్రం చిట్టా, పాలనాపరమైన ఇబ్బంది, నాలుగు నిమిషాల స్వల్పత్వం, అన్నీ చెప్పాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని విన్నది.

"మీ మిషను ఆగితే ఆగిందేమో గానండీ," అంది, "మా కోడలు ఆగలేదు కదండీ!"

ముప్పై ఒక్కేళ్ళలో ఏ సర్క్యులర్‌లోనూ దానికి జవాబు లేదు. పదహారు వెయ్యమంటే పోయేదేముంది, జాతకం రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, అంతేగా అనుకోబోయాను. అప్పుడే కేకలకి నీలవేణి బయటికి వచ్చింది. చీటీ తీసుకుని చదివింది. పద్నాలుగు అని రాస్తే, లేదని నేను రాసిన నిమిషం ఊళ్ళో ఉన్నట్టే లెక్క. అప్పుడు నా నివేదిక కూలుతుంది, దానితో పాటు ఆమె కాంట్రాక్టూ కూలుతుంది. ఆ సంగతి నాకెంత తెలుసో ఆమెకీ అంతే తెలుసు.

"పిల్ల బావుందా అమ్మా?" అని అడిగింది.

"మూడు కేజీలమ్మా. గుండ్రంగా ఉంది, సొరకాయలాగ."

నీలవేణి గుమాస్తాని పక్కకి జరగమని కుర్చీలో కూర్చుంది. "లేచి నిలబడి చెబుతున్నా అనుకోండి సార్," అంది నాతో, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నేను ఆపినప్పుడే ఈ పిల్ల పుట్టింది. నా ఉద్యోగం కోసం దీని పుట్టుక జరపలేను." పదకొండు, పద్నాలుగు అని కొట్టింది. సర్వజ్ఞ ఏమీ అనలేదు. రెప్పపాటులో తీసుకుంది. దానికి ఏ అభ్యంతరమూ లేదు.

ధ్రువపత్రం అచ్చయి ఆ రోజు ఫైళ్ళతో పాటు కమిషనరు గారి బల్ల మీదికి వెళ్ళింది. నేనే పట్టుకెళ్ళాను. పక్కన నిలబడి, ఆపి అడిగితే ఏం చెప్పాలో నాలుగు వాక్యాలు మనసులో సిద్ధం చేసుకున్నాను. ఆయన ఫోనులో మాట్లాడుతూ, నూట పది ధ్రువపత్రాల మీద వరసగా సంతకాలు చేసుకుపోయారు. మంగాయమ్మ మనవరాలిది నలభై మూడోది. దాని మీద సంతకం మిగతా వాటికన్నా కొంచెం బాగా కుదిరింది కూడా.

మంగాయమ్మ కాయితం చేతిలోకి తీసుకుని, చదువు రాకపోయినా అంకెలు మాత్రం వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంది. ఒకటి, ఒకటి, ఒకటి, నాలుగు. "అదీ," అని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. నీలవేణి గడ్డం పుణికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని తనలో తనే నవ్వుకుంటుంటే చూశాను. పదకొండు నెలల్లో అదే మొదటిసారి.

జ్ఞాపక పొదుపు కమిటీ ఇప్పటికీ ప్రతి సోమవారం సమావేశమవుతూనే ఉంది. కొరత ఎందుకు కనిపించడం లేదన్నది ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

మరుసటి ఏడాది పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. చాలా నిశితమైన బృందం. ఒకే కమిషనరు సంతకంతో ఉన్న రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసి, అభ్యంతరం నంబరు పదిహేడు రాసింది: 'పురపాలక సంఘ పరిధిలో లేని సమయమున ఒక శిశువు జన్మించినట్లు రికార్డులలో కనబడుచున్నది. ఇది ఎట్లు సంభవించినదో, శిశువు ప్రస్తుత స్థితి ఏమో వివరించవలెను.'

వివరణ రాయమని నాకే అప్పజెప్పారు. మంగాయమ్మ ఇంటికి వెళ్ళి స్వయంగా చూసి వచ్చి, ఒకే వాక్యం రాశాను: 'సదరు శిశువుకు నాలుగు పళ్ళు వచ్చినవి, గోడ పట్టుకుని నడుచుచున్నది.'

అభ్యంతరం ఉపసంహరించుకోవడమైనది.